సోఫా మెత్తబడిందా, చెడిపోయిందా?

కొత్త సోఫా ఇంటికొచ్చిన రెండు మూడు నెలలకు చాలామందిని ఒకటే అనుమానం పట్టుకుంటుంది. కొన్న రోజు బిగువుగా ఉన్న సీటు ఇప్పుడు లోపలికి దిగుతోంది. హాల్లో ఫ్యాన్ కింద, టీవీకి ఎదురుగా ఉండే సీటైతే మరీను. దుకాణానికి ఫోన్ చేస్తే "వాడితే మెత్తబడదా అండీ, మామూలే" అంటారు. పక్కింటివాళ్లు "నాసిరకం స్పంజి పెట్టి ఉంటాడు, గట్టిగా అడగండి" అంటారు. ఈ రెండు మాటల్లో ఏది నిజమన్నది ఎవరి గొంతు పెద్దదన్న దాన్నిబట్టి తేలకూడదు. ఒక తూకం, ఒక స్కేలు, ఒక రాత్రి ఓపిక ఉంటే సూర్యాపేటలోనైనా, కోదాడలోనైనా, మిర్యాలగూడలోనైనా ఇంట్లోనే తేల్చుకోవచ్చు. అందుకు ముందుగా సీటు లోపల ఏముందో, అది ఎందుకు మెత్తబడుతుందో తెలియాలి.

దూది నుంచి ఫోమ్ దాకా

మన ఇళ్లలో మెత్తదనం అంటే చాలాకాలం దూదే. దిండుకు బూరుగు దూది, పరుపుకు పత్తి దూది. ఏళ్ల తరబడి పడుకుంటే పరుపు అణిగి గడ్డలు కట్టేది. అప్పుడు దూదేకులవారిని పిలిపించేవారు. వాళ్లు వింటినారితో దూదిని ఏకితే, ఒకదానికొకటి చిక్కుకుపోయిన పోగులు విడిపోయి, వాటి మధ్య మళ్లీ గాలి చేరి దూది పొంగేది. దూది అణగడం అంటే పోగులు దగ్గరపడటమే తప్ప తెగిపోవడం కాదు. అందుకే ఆ మరమ్మతు సాధ్యమైంది.

తర్వాత రబ్బరు నురగ వచ్చింది. 1929లో ఇంగ్లండులోని డన్‌లప్ కంపెనీ పరిశోధకులు రబ్బరు పాలను నురగ వచ్చేదాకా గిలకొట్టి, ఆ నురగను గట్టిపరిచి కుషన్ తయారుచేశారు. మన పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పే 'డన్‌లప్ పరుపు' పేరు అక్కడిదే. ఈనాటి సోఫాల్లో ఎక్కువగా ఉండేది మాత్రం పాలీయూరిథేన్ ఫోమ్. ఈ పదార్థానికి దారితీసిన రసాయన చర్యను 1937లో జర్మనీలో ఓటో బేయర్, ఆయన సహచరులు కనుగొన్నారు. మెత్తటి ఫోమ్‌గా అది విరివిగా బజారుకు వచ్చింది 1950లలో.

దాని తయారీ ఆసక్తికరంగా ఉంటుంది. పాలియాల్ అనే చిక్కటి ద్రవాన్ని, ఐసోసయనేట్ అనే చురుకైన రసాయనాన్ని, కొద్దిగా నీటిని కలుపుతారు. పాలియాల్‌తో ఐసోసయనేట్ కలిసి సాగే గుణమున్న పొడవాటి అణుగొలుసులు ఏర్పడతాయి. నీటితో కలిసినప్పుడు కార్బన్ డయాక్సైడ్ వాయువు పుడుతుంది. ఆ వాయువే కోట్లాది బుడగలై మిశ్రమాన్ని పైకి పొంగిస్తుంది. అదే చర్యలో యూరియా అనే గట్టి అణుభాగాలు కూడా తయారై, సాగే గొలుసులను అక్కడక్కడా ముడివేసి పట్టుకుంటాయి. మెత్తదనం సాగే గొలుసులది, నొక్కి వదిలితే తిరిగి లేచే బలం ఆ ముడులది. ఈ రెండో సంగతి గుర్తుంచుకోండి, మెత్తబడటానికీ చెడిపోవడానికీ తేడా అక్కడే ఉంది.

గట్టిపడిన ఫోమ్‌లో ఘనపదార్థం ఎంతో తక్కువ. బజారులో '32 డెన్సిటీ' అంటే ఒక ఘనమీటరు ఫోమ్ 32 కిలోలు తూగుతుందని అర్థం. గాలి లేని పాలీయూరిథేన్ అయితే అదే ఘనమీటరు సుమారు 1,200 కిలోలు తూగుతుంది. అంటే మనం కూర్చునే సీటులో దాదాపు 97 శాతం గాలే. మనిషి బరువు మోసేది మిగిలిన మూడు శాతంలోని సన్నటి పుల్లల అల్లిక.

ఎందుకు మెత్తబడుతుంది?

మొదటి కారణం పొరలు. ఫోమ్ పొంగేటప్పుడు బుడగకూ బుడగకూ మధ్య పలుచటి పొరలు ఏర్పడతాయి. చాలావరకు తయారీలోనే పగిలిపోయి గాలి అటూ ఇటూ తిరగడానికి దారి ఏర్పడుతుంది. కొన్ని మిగులుతాయి. మొదటి వారాల్లో మనం కూర్చుని లేస్తుంటే అవి పగిలిపోతాయి. కొత్త సీటు బిగువులో వాటి వాటా కూడా ఉంటుంది. అవి పోయాక బయటపడేదే ఫోమ్ అసలు గట్టిదనం.

రెండో కారణం అణువుల స్థాయిలో జరుగుతుంది. రబ్బరును మొదటిసారి సాగదీయడానికి పట్టినంత బలం రెండోసారి పట్టదని 20వ శతాబ్దం ఆరంభంలోనే గమనించారు. 1940లలో లియొనార్డ్ మల్లిన్స్ దీన్ని లోతుగా పరిశీలించడంతో ఆయన పేరే దానికి స్థిరపడింది. ఫోమ్‌లోనూ ఇలాంటిదే జరుగుతుంది. బలహీనమైన బంధాలు మొదటి వాడకంలోనే వదులవుతాయి, గట్టివి నిలుస్తాయి. అందుకే మార్పు మొదట్లో వేగంగా ఉండి పోనుపోను మందగిస్తుంది. మొదటి పది రోజుల్లో తగ్గినంత బిగువు మళ్లీ తగ్గడానికి మూడు నెలలు పట్టినా ఆశ్చర్యం లేదు. కొత్త సోఫా మొదటి నెలలో తేడాగా అనిపించి, ఆరో నెలకు ఒక స్థితికి వచ్చి ఆగిందంటే అది ఆరోగ్యమైన ఫోమ్ ప్రవర్తన.

మూడో కారణం మన వాతావరణం. ఉమ్మడి నల్లగొండ ప్రాంతంలో మే నెలలో ఎండ 44, 45 డిగ్రీలు తాకుతుంది. రేకుల ఇంట్లో, పైఅంతస్తు హాల్లో ఉక్కపోత సంగతి చెప్పక్కర్లేదు. వేడికి ఫోమ్ కొద్దిగా మెత్తబడుతుంది. వానాకాలం తేమకు ఇంకాస్త ఎక్కువ మెత్తబడుతుంది. ఇందాక చెప్పిన గట్టి ముడులను హైడ్రోజన్ బంధాలు పట్టి ఉంచుతాయి. నీటి అణువులు వాటి మధ్య దూరి పట్టు సడలిస్తాయి. గాలి పొడిబారాక ఆ పట్టు చాలావరకు తిరిగి వస్తుంది. కాబట్టి ఆగస్టు ముసురులో సీటు మెత్తగా ఉందని దుకాణంతో తగువుకు దిగకుండా, సంక్రాంతి నాటికి ఎలా ఉందో చూసి మాట్లాడటం న్యాయం.

ఎంతవరకు మామూలు?

మిర్యాలగూడ మిల్లులకు వడ్లు తోలే రైతుకు ఈ లెక్క బాగా తెలుసు. వడ్లలో తేమ ఉండటం తప్పు కాదు. ప్రభుత్వ కొనుగోలులో 17 శాతం దాకా అనుమతి ఉంది, అది దాటితేనే పేచీ. ఫోమ్‌కూ ఇలాంటి హద్దులు పెట్టారు.

అంతర్జాతీయ పరీక్షలో ఫోమ్ ముక్క మీద 750 న్యూటన్ల బలంతో, అంటే సుమారు 76 కిలోల బరువుతో, నిమిషానికి 70 సార్ల చొప్పున 80,000 సార్లు నొక్కుతారు. యంత్రానికి ఇది దాదాపు 19 గంటల పని. తర్వాత గట్టిదనం ఎంత తగ్గిందో కొలుస్తారు. బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 3379 ప్రకారం చాలా తీవ్రమైన వాడకానికి ఉద్దేశించిన ఫోమ్‌లో ఈ తగ్గుదల 22 శాతం మించకూడదు. సగటు వాడకానికి చేసిన ఫోమ్‌లో 39 శాతం దాకా ఒప్పుకుంటారు. అంటే మంచి ఫోమ్ కూడా కొంత గట్టిదనం కోల్పోతుందని ప్రమాణం రాసినవాళ్లే అంగీకరించారు. "కొన్ననాటిలా లేదు" అన్న ఒక్క మాటతో ఫిర్యాదు నిలబడకపోవడానికి కారణం ఇదే.

అదే ప్రయోగశాలలో ఇంకో పరీక్ష ఉంది. ఫోమ్ ముక్కను దాని మందంలో సగానికి నొక్కి, 70 డిగ్రీల వేడిలో 22 గంటలు అలాగే ఉంచుతారు. వదిలేశాక అరగంట ఆగి ఎంత మందం తిరిగి వచ్చిందో చూస్తారు. మొదటి పరీక్ష ఎంత మెత్తబడిందో చెబుతుంది. రెండోది ఎంత లేవలేకపోయిందో చెబుతుంది. కొనేవారికి ఈ రెండోదే ముఖ్యం. నాసిరకం ఫోమ్‌లో గట్టి ముడులు వేడికీ బరువుకూ విడిపోయి, నొక్కుడుపడ్డ స్థితిలోనే మళ్లీ ముడిపడతాయి. ఇక ఆ ఫోమ్‌కు గుంటే సొంత ఆకారం అవుతుంది. దూదిలా దాన్ని ఏకి లేపే ఉపాయం లేదు.

నాలుగు పరీక్షలు

ఒకటి, కర్రా స్కేలూ. ఉదయం ఎవరూ కూర్చోకముందు సీటు మీద అంచు నుంచి అంచుకు ఒక తిన్నటి కర్ర పెట్టండి. కర్ర కింది నుంచి సీటు మధ్య దాకా ఎంత లోతుందో స్కేలుతో కొలిచి, తేదీ వేసి రాసుకోండి. మనుషులు తక్కువగా కూర్చునే సీటు మీద కూడా అలాగే కొలవండి. ఆ రెంటికీ ఉన్న తేడాయే అసలు లెక్క. నెలకోసారి కొలిస్తే, ఆగిన మార్పు ఏదో ఆగకుండా పెరుగుతున్నది ఏదో కాగితం మీదే కనబడుతుంది.

రెండు, రాత్రి విశ్రాంతి. పడుకునే ముందు ఒకసారి, పొద్దున్నే ఒకసారి కొలవండి. రాత్రి కనిపించిన గుంట పొద్దునకు లేచిపోతే ఫోమ్‌లో జీవం ఉన్నట్టే. ఒకటి రెండు రోజులు బరువు పెట్టకుండా వదిలినా లేవకపోతే అది నిలిచిపోయిన గుంట. పెట్టెలో గట్టిగా చుట్టి పంపే ఆన్‌లైన్ సోఫాలైతే విప్పిన తర్వాత రెండు మూడు రోజులు ఆగాకే ఈ పరీక్ష చేయాలి.

మూడు, తారుమారు. నాలుగింటిలో ఎక్కువ సంగతులు చెప్పేది ఇదే. కుంగిన సీటు కుషన్‌ను, బాగున్న సీటు కుషన్‌ను ఒకదాని చోట ఒకటి పెట్టి వారం వాడండి. గుంట కుషన్ వెంటే వెళితే తప్పు ఫోమ్‌ది. కుషన్ మారినా పాత చోటే కుంగుతుంటే తప్పు కింద ఉంది. అప్పుడు కుషన్ తీసి కింది భాగం చూడండి. అల్లిన బెల్టులుంటే చేత్తో నొక్కి చూడండి, ఒకటి మిగతావాటికంటే వదులుగా తగులుతుంది, లేదా దాని మేకు లేచి ఉంటుంది. వంకీల స్ప్రింగులుంటే ఒకటి కొక్కెం నుంచి ఊడి ఉండవచ్చు. ప్లైవుడ్ అయితే మధ్యలో విరిగి, కూర్చున్నప్పుడు కిర్రుమనవచ్చు. వీటిలో ఏదీ సాధారణ అరుగుదల కాదు. ఏడాదిలోపు స్ప్రింగు ఊడితే, చట్రం అతుకు వదిలితే అది పనితనంలో లోపమే.

అదృష్టవశాత్తూ ఈ లోపాలకు మన ఊళ్లలో మరమ్మతు సులువు. 65వ జాతీయ రహదారి మీదున్న సూర్యాపేట, కోదాడల్లో కుషన్ పని తెలిసినవారికి సోఫాలతో పాటు లారీ సీట్లు, ఆటో సీట్లు కట్టడం కూడా అలవాటే. పగలంతా కుదుపులు తినే లారీ సీటును నిలబెట్టే మేస్త్రీకి ఒక బెల్టు మార్చడం పెద్ద పని కాదు.

నాలుగు, తూకం. చెప్పిన ఫోమే వేశారా లేదా అన్నది ఇది తేలుస్తుంది. కవరు జిప్పు తీసి లోపలి ఫోమ్ బయటికి తీయండి. చుట్టూ ఫైబర్ పొర అతికించకుండా విడిగా ఉంటే పక్కన పెట్టండి. పొడవు, వెడల్పు, మందం అంగుళాల్లో కొలిచి మూడింటినీ గుణించండి. ఫోమ్ బరువును కిలోల్లో తూచి, దాన్ని 61,000తో గుణించి, ఇందాకటి ఘనపరిమాణంతో భాగించండి. వచ్చేదే డెన్సిటీ.

లెక్క చేసి చూద్దాం. 24 అంగుళాల పొడవు, 24 అంగుళాల వెడల్పు, 5 అంగుళాల మందం ఉన్న సీటు ఘనపరిమాణం 2,880 ఘనపు అంగుళాలు. 40 డెన్సిటీ అయితే ఇది సుమారు 1.9 కిలోలు తూగాలి. 32 అయితే 1.5 కిలోలు, 28 అయితే 1.3 కిలోలు, 23 అయితే 1.1 కిలోలు. బిల్లు మీద 32 అని ఉండి తూకం 1.1 కిలోలు చూపిస్తే, మీకు అమ్మిందీ మీకు ఇచ్చిందీ ఒకటి కాదు.

తూకానికి రెండు హద్దులున్నాయి. డెన్సిటీ, గట్టిదనం ఒకటే కాదు. ఒకే డెన్సిటీలో మెత్తటి ఫోమూ గట్టి ఫోమూ చేయవచ్చు. డెన్సిటీ చెప్పేది ప్రధానంగా ఎన్నాళ్లు మన్నుతుందన్నది. అలాగే ఫోమ్‌లో సుద్దపొడి కలిపి బరువు పెంచే వీలుంది. ఆ బరువు బలాన్నివ్వదు. కాబట్టి తూకం తగ్గితే మోసం ఖాయం, తూకం సరిపోయినంత మాత్రాన నాణ్యత ఖాయం కాదు. అప్పుడు మిగతా మూడు పరీక్షల మాట వినాలి. నాణ్యత చూద్దామని ఫోమ్ ముక్కకు అగ్గిపుల్ల మాత్రం ఎవరూ వెలిగించకండి. పాలీయూరిథేన్ త్వరగా అంటుకుంటుంది, దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్‌తో పాటు హైడ్రోజన్ సయనైడ్ కూడా ఉంటుంది.

లోపంలా కనిపించేవి

కవరు తీసినప్పుడు ఫోమ్ పసుపు రంగుకు తిరిగి ఉంటే చాలామంది కంగారుపడతారు. వెలుతురుకూ గాలికీ ఫోమ్ పైపొర రంగు మారడం సహజం. వేలితో రుద్దితే పొడిపొడిగా రాలితే మాత్రం అది పాడైపోయిన ఫోమ్.

రెక్సిన్ సీటు మీద కూర్చోగానే బుస్సుమని గాలి పోవడం, లేచాక మెల్లగా పొంగడం తప్పు కాదు. రెక్సిన్‌లోంచి గాలి పోదు, కుట్లలోంచీ జిప్పులోంచీ పోవాలి, మళ్లీ అలాగే రావాలి. సీటు మధ్యలో కవరు ముడతలు పడటం కూడా ఎక్కువసార్లు గుడ్డ సాగడం వల్లే. లోపలి ఫోమ్ మందం తగ్గకపోతే దాన్ని కుంగడం అనలేం. వీపు దిండ్లలో ఎక్కువగా ఉండేది పాలిస్టర్ ఫైబర్. అది దూదిలాగే అణుగుతుంది, వారానికోసారి చేత్తో తట్టి దులిపితే లేస్తుంది.

కూర్చోగానే కింది చెక్క తగులుతుంటే మాత్రం ఏ సర్దుబాటు మాటా వినకండి. మంచి ఫోమ్ మొదట మెత్తగా లోబడి, లోపలికి వెళ్లేకొద్దీ ఎదురు నిలవాలి. పుల్లలు మొదట వంగుతాయి, తర్వాత ఒకదానిమీద ఒకటి చేరి బరువును ఆపుతాయి. కొన్న ఏడాదిలోపే అడుగు తగులుతోందంటే ఆ ఫోమ్ మందమో డెన్సిటీయో మనిషి బరువుకు చాలదని అర్థం.

లోపమని తేలితే

2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 మీ కొలతలకు బలమిస్తుంది. చట్టం చెప్పే లోపం అంటే ప్రభుత్వ ప్రమాణానికి తగ్గడం ఒక్కటే కాదు. అమ్మకందారు ఒప్పుకున్న నాణ్యతకు, పరిమాణానికి, ప్రమాణానికి తగ్గినా లోపమే. అందుకే బిల్లు మీద '32 డెన్సిటీ ఫోమ్' అన్న మూడు మాటలు రాయించుకోవడం వారంటీ కార్డు కంటే విలువైనది. వారంటీ కార్డులు సాధారణ అరుగుదల తమకు సంబంధం లేదంటాయి. ఒప్పుకున్న సరుకు ఇవ్వకపోవడాన్ని ఏ కార్డూ అరుగుదల కింద కట్టలేదు.

ముందు దుకాణానికి రాతపూర్వకంగా తెలపండి. తేదీలతో కొలతలు, తూకం ఫోటో, బిల్లు నకలు జతచేయండి. స్పందన లేకపోతే 1915 నంబరులో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది. అదీ తేలకపోతే జిల్లా కమిషన్. చెల్లించిన ధర 50 లక్షల రూపాయల దాకా ఉన్న వ్యవహారాలు దాని పరిధిలోకి వస్తాయి. 5 లక్షల దాకా రుసుము లేదు. హైదరాబాద్‌లో కొన్నా ఆన్‌లైన్‌లో కొన్నా, మీరు నివసించే చోటే ఫిర్యాదు వేయవచ్చు. మిర్యాలగూడవారు అందుకు నల్లగొండ దాటి వెళ్లనక్కర్లేదు. సమస్య మొదలైన రెండేళ్లలోపు వేయాలి. లోపం చూపుతో తేలనిదైతే నమూనాను ప్రయోగశాలకు పంపించే అధికారం కమిషన్‌కు ఉంది.

న్యాయం రెండు వైపులా ఉండాలి. అన్ని సీట్లూ సమానంగా కొంత మెత్తబడి, ఆ మార్పు కొన్ని నెలల్లో ఆగి, పొద్దునకల్లా సీటు తిరిగి లేస్తుంటే కట్టిచ్చిన మేస్త్రీని నిందించకండి. కుషన్లను నెలకోసారి అటూ ఇటూ మార్చుకుంటూ వాడుకోండి. ఒక్క చోటే కుంగుతూ, నెలనెలా లోతు పెరుగుతూ, రాత్రంతా వదిలినా లేవకపోతే, లేదా తూకం బిల్లుతో కలవకపోతే, అది లోపం. "మామూలే" అన్న మాటకు తలవంచకండి, మీ కొలతల కాగితం చూపించి అడగండి. ఇక కొత్తగా కొనబోయేవారికి ఒకటే మాట. బేరం కుదిరాక, డబ్బు ఇచ్చేముందు ఫోమ్ డెన్సిటీ, మందం, కింద బెల్టులా స్ప్రింగులా అన్నది బిల్లు మీద రాయించుకోండి. రాయడానికి వెనకాడే దుకాణంలో కొనకండి.